తప్పు పార్ట్ పడిందా? పీకే ముందు కొలవండి

గిటార్ పెడల్స్ సొంతంగా కట్టుకునే పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే బాధ. సర్క్యూట్ బొమ్మ చూసి పార్టులు పోగేసుకున్నారు, ఓపిగ్గా సోల్డర్ చేశారు, తీరా గిటార్ తగిలిస్తే పలకడం లేదు, లేదా పలకాల్సినట్టు పలకడం లేదు. చివర్లో అందరూ అడిగిన మాట కూడా ఒకటే: "మొత్తం ఊడదీసి మళ్లీ మొదలుపెట్టమంటారా?" వద్దండీ. తప్పు పార్ట్ వల్ల బోర్డుకి జరిగే నష్టం కంటే దాన్ని కంగారుగా పీకడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. నా దగ్గరికి బాగుచేయమని వచ్చే బోర్డుల్లో అసలు తప్పు ఒకచోట ఉంటే, పీకుళ్లలో లేచిపోయిన రాగి నాలుగు చోట్ల ఉంటుంది. తప్పు ఎక్కడుందో మల్టీమీటర్ చెప్పాకే సోల్డరింగ్ ఐరన్ వేడి చేయండి.

ప్రశ్న: బిగ్ మఫ్ తరహా ఫజ్ కట్టాను. బోర్డు మీద 2ఎన్5088 అని ఉంది. ఆ ట్రాన్సిస్టర్లు దొరక్క, గెయిన్ (కరెంటుని ఎన్ని రెట్లు పెంచుతుందన్న అంకె) సరిపోతుందని చదివి నాలుగు బీసీ549సీ పెట్టాను. బోర్డు మీద గీసిన డి ఆకారానికి చదును వైపు సరిగ్గా ఆనించాను. శబ్దం చాలా సన్నగా వస్తోంది. గట్టిగా మీటితే ఒక్కసారి తుప్పుమని పలికి ఆగిపోతోంది. నాలుగూ కాలిపోయినట్టేనా?

జవాబు: కాలిపోలేదు. మీరు ఎంచుకున్నదీ తప్పు కాదు. 2ఎన్5088 గెయిన్ కనీసం 300 ఉంటుంది, బీసీ549సీది 420 నుంచి 800 దాకా ఉంటుంది కాబట్టి ఆ లెక్కలో లోటేమీ లేదు. చిక్కంతా కాళ్ల వరసలో వచ్చింది. చదును వైపు మీకు ఎదురుగా, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుని చూడండి. 2ఎన్5088కి ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. బీసీ549కి కలెక్టర్, బేస్, ఎమిటర్. మధ్య కాలు రెండింటికీ బేసే, చివరి రెండూ తారుమారు. డి బొమ్మ గీసింది 2ఎన్5088 కోసం. దాని ప్రకారం పెట్టేసరికి మీ నాలుగు ట్రాన్సిస్టర్లూ ఉల్టా కూర్చున్నాయి.

ఉల్టా పెట్టిన ట్రాన్సిస్టర్ పూర్తిగా ఊరుకుంటే తప్పు త్వరగా దొరికేది. కానీ అది ఎంతోకొంత పనిచేస్తుంది. కలెక్టర్ ఎమిటర్ పాత్ర పోషిస్తుంది, ఎమిటర్ కలెక్టర్ పాత్ర పోషిస్తుంది, వందల్లో ఉండాల్సిన గెయిన్ అడుగంటిపోతుంది. సన్నని శబ్దం, తుప్పుమని ఆగిపోవడం దాని లక్షణాలే. అయినా నా మాట మీద ఐరన్ పట్టుకోవద్దు, ముందు కొలిచి చూడండి. మీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబ్‌ని జాక్ గ్రౌండ్‌కి ఆనించి, ఎర్ర ప్రోబ్‌తో ఒక్కో కాలూ చూడండి. మొదటి మూడు ట్రాన్సిస్టర్లలో ఎమిటర్ గుంట (బోర్డు మీద ఎమిటర్ కాలు దిగాల్సిన చోటు) దగ్గర సున్నాకి కొంచెం పైన, బేస్ దానికంటే సుమారు 0.6 వోల్టులు ఎక్కువ, కలెక్టర్ గుంట దగ్గర 9 వోల్టుల్లో సగానికి అటూ ఇటూ రావాలి. నాలుగో దానికి ఎమిటర్ దగ్గర రెసిస్టర్ పెద్దది కాబట్టి అక్కడ వోల్టేజీ కాస్త ఎక్కువే ఉంటుంది, కంగారు పడకండి. మీ బోర్డులో కలెక్టర్ గుంట దగ్గర 7, 8 వోల్టులు కనిపిస్తే ఆ ట్రాన్సిస్టర్ దాదాపు కరెంటే లాగడం లేదని అర్థం. నాలుగూ అలాగే ఉంటే అనుమానం తీరినట్టే.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. ఏ ట్రాన్సిస్టర్ కాళ్ల వరసయినా కొనే ముందో, పెట్టే ముందో మీరే తేల్చుకోవచ్చు. మీటర్‌ని డయోడ్ గుర్తు మీద పెట్టండి. ఎన్‌పీఎన్ రకం అయితే (ఇక్కడి రెండూ ఆ రకమే) ఎర్ర ప్రోబ్ బేస్ మీద ఉంచినప్పుడు మిగతా రెండు కాళ్లూ 0.6, 0.7 దగ్గర చూపిస్తాయి. రెండు అంకెల్లో కొద్దిగా ఎక్కువ చూపించేది ఎమిటర్, తక్కువ చూపించేది కలెక్టర్. తేడా మూడో అంకెలోనే ఉంటుంది కాబట్టి నిదానంగా చదవాలి. నేను కవర్ మీద రాసిన పేరు కంటే ఈ పరీక్షనే నమ్ముతాను.

ఇక తిప్పి పెట్టడం. ఈ ట్రాన్సిస్టర్ మూడు కాళ్లూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒక్కో కాలూ విడిగా ఊడదీయాలని చూడకండి. ఒకటి వదిలేలోపు పక్కది గడ్డకడుతుంది, మీరు లాగుతారు, రాగి లేస్తుంది. దానికి బదులు మూడు గుంటల మీదా కొత్త సోల్డర్ ధారాళంగా వేసి ఒకే ముద్దగా కలిపేయండి. 63/37 సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఐరన్ 350 దగ్గర ఉంటే చాలు. మొనని ముద్దకి అడ్డంగా ఆనించండి. ముందు ముద్ద పైభాగం మసకగా ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా అంతా అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు మూడు కాళ్ల దాకా పాకిందంటే పైనుంచి ట్రాన్సిస్టర్ తల పట్టుకుని కొద్దిగా కదిపితే చాలు, దానంతటదే జారి వచ్చేస్తుంది. బలం వాడాల్సి వస్తే ఇంకా కరగలేదని అర్థం. తర్వాత ఫ్లక్స్ రాసి, సోల్డర్ విక్ (కరిగిన సోల్డర్‌ని పీల్చే రాగి అల్లిక) పెట్టి గుంటలు శుభ్రం చేసుకుని, చదును వైపు డి బొమ్మకి వ్యతిరేకంగా వచ్చేలా తిప్పి పెట్టండి.

బయటికి తీసిన ట్రాన్సిస్టర్లని మళ్లీ వాడుకోవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. ఎమిటర్, బేస్ మధ్య ఉల్టాగా 5, 6 వోల్టులకి మించి పడితే ఇవి సాఫీగా తట్టుకోవు. పలుకుతాయి కానీ సుస్సుమనే చప్పుడు పెరగొచ్చు. ఇన్‌పుట్ దగ్గరి మొదటి ట్రాన్సిస్టర్ చేసే చప్పుడునే మిగతా మూడూ పెంచుతాయి. అందుకని ఆ ఒక్కదాని స్థానంలో కొత్తది పెట్టండి, మిగతావి ఉంచేయండి.

ప్రశ్న: ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్ కట్టాను. వాల్యూమ్, టోన్ పనిచేస్తున్నాయి. డ్రైవ్ నాబ్ ఎంత తిప్పినా శబ్దం క్లీన్‌గానే వస్తోంది. 4558 ఐసీ పిన్నులన్నిటి వోల్టేజీలు సరిగ్గా ఉన్నాయి. అయినా అనుమానంతో ఐసీ మార్చాను, డయోడ్లూ మార్చాను. ఫలితం లేదు. 51 పికోఫారడ్ దొరక్క 100 పెట్టాను, అదొక్కటే తేడా.

జవాబు: మీరు పెట్టినదాని మీద 104 అని రాసి ఉందా? ఉందనే నా నమ్మకం. 104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, అంటే 1,00,000 పికోఫారడ్లు. అదే 100 నానోఫారడ్లు. మీకు కావాల్సిన 100 పికోఫారడ్ మీద 101 అని ఉంటుంది. చూడ్డానికి రెండూ అదే పసుపు రంగు బొట్టులా ఉంటాయి, విలువలో వెయ్యి రెట్లు తేడా.

ఆ కెపాసిటర్ ఐసీ అవుట్‌పుట్ నుంచి ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌కి వెళ్లే దారిలో, డ్రైవ్ పాట్‌కీ (డ్రైవ్ నాబ్ తిప్పే రెసిస్టర్) క్లిప్పింగ్ డయోడ్లకీ (సిగ్నల్ కొసలు కోసి గరుకు శబ్దం తెచ్చేవి) సమాంతరంగా ఉంటుంది. దాని పని పై స్వరాల కరుకుదనాన్ని కొంచెం తగ్గించడం. 51 పికోఫారడ్ ఉంటే డ్రైవ్ పూర్తిగా పెంచినప్పుడు సుమారు 5.7 కిలోహెర్ట్జ్ పైన కోత మొదలవుతుంది. 100 నానోఫారడ్ పెడితే ఆ కోత 3 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది. అంటే గిటార్ పలికే స్వరాలన్నిటికీ ఆ దారి దాదాపు షార్ట్ అయిపోయినట్టే. గెయిన్ ఒకటికి కాస్త పైన ఆగిపోతుంది, డయోడ్లు తెరుచుకునేంత సిగ్నల్ ఎప్పటికీ తయారవదు, నాబ్ తిప్పితే తేడా రాదు.

మీ వోల్టేజీలు ఎందుకు సరిగ్గా ఉన్నాయంటారా? కెపాసిటర్ డీసీని ఆపేస్తుంది. దాని విలువ ఎంత తప్పినా మీటర్‌లో 8వ పిన్ దగ్గర 9, 4వ పిన్ దగ్గర సున్నా, మిగతా వాటి దగ్గర 4.5 అలాగే కనిపిస్తాయి. కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి: వోల్టేజీలు బాగుండి శబ్దం బాగాలేకపోతే ఐసీని వదిలేసి కెపాసిటర్ల మీద అంకెలు చదవండి. అనవసరంగా డయోడ్లు మార్చి గుంటల్ని రెండుసార్లు వేడి చేశారే అని నాకు నిజంగా బాధ కలిగింది.

ఇలాంటి తప్పుకి ఆడియో ప్రోబ్ మంచి సాధనం. ఒక వైరు చివర 100 నానోఫారడ్ కెపాసిటర్ తగిలించి, వైరు రెండో చివర్ని ఆంప్‌కి వెళ్లే జాక్ మొనకి కలపండి. జాక్ గ్రౌండ్‌ని పెడల్ గ్రౌండ్‌కి కలపండి. ఈ కెపాసిటర్‌కి మిగిలిన కాలే మీ ప్రోబ్. గిటార్ మీటుతూ సిగ్నల్ వెళ్లే దారిలో ఒక్కో చోటా తాకిస్తూ వెళ్లండి. ఆంప్ వాల్యూమ్ బాగా తగ్గించి ఉంచండి, లేకపోతే చెవులు పోతాయి. ఐసీలో 3వ పిన్ దగ్గర క్లీన్‌గా, 1వ పిన్ దగ్గర గరుకుగా వినిపించాలి. రెండుచోట్లా ఒకేలా వినిపిస్తే తప్పు ఆ రెండింటి మధ్యే ఉంది, వెతకాల్సినవి నాలుగైదు పార్టులే.

కొత్తగా 101 వెతుక్కోవద్దు, 47 పికోఫారడ్ పెట్టండి. నిజమైన 100 పెట్టినా కోత 2.9 కిలోహెర్ట్జ్‌కి దిగి శబ్దం మూసుకుపోయినట్టుంటుంది. 47 పికోఫారడ్ దాని మీద 47 అనో 470 అనో ఉండొచ్చు. 470లో చివరి సున్నా అంటే ఇక సున్నాలు కలపొద్దని, కాబట్టి అదీ 47 పికోఫారడే. 471 అయితే కాదు, అది 470 పికోఫారడ్. పనిలో పనిగా 4.7 కిలో ఓమ్ పక్కన ఉన్న కెపాసిటర్ మీద 473 ఉందో లేదో కూడా చూడండి. 473 ఉంటే 720 హెర్ట్జ్ కింద గెయిన్ తగ్గుతూ వస్తుంది, ఆ పెడల్ గొంతు దాని వల్లే అలా ఉంటుంది. పొరపాటున 474 పడితే అది 72 హెర్ట్జ్‌కి దిగి, లావు తీగలన్నీ బురదలా కలిసిపోతాయి.

ప్రశ్న: మేడమ్, నాకు ఎరుపు, నారింజ, గోధుమ రంగు గీతలు నీలం రంగు రెసిస్టర్ల మీద ఒకేలా కనిపిస్తాయి. బోర్డు నిండా పెట్టేశాక ఒకటి రెండు మారిపోయాయని అనుమానం. అన్నీ తీసి కొలవాలా?

జవాబు: ఒక్కటీ తీయొద్దు. మీ కళ్లదీ తప్పు కాదు, ఆ నీలం మీద ఆ మూడు రంగులూ చాలామందికి కలిసిపోతాయి. ఐదు గీతల రెసిస్టర్లలో 10 కిలో ఓమ్‌కీ 100 కిలో ఓమ్‌కీ తేడా నాలుగో గీత ఎరుపా, నారింజా అన్నదే.

కరెంటు తీసేసి, ఐసీని సాకెట్ నుంచి బయటికి తీసి, బోర్డు మీదే కొలవండి. బోర్డు మీద కొలిచినప్పుడు ఇతర దారులు కూడా కలుస్తాయి కాబట్టి అసలు విలువ కంటే తక్కువ రావడం మామూలే. ఎక్కువ రావడం మాత్రం జరగకూడదు. ఎక్కువ వస్తే అది తప్పు విలువ, లేదా సోల్డర్ సరిగ్గా అంటలేదు. ఈ ఒక్క సూత్రంతో సగం బోర్డు తేలిపోతుంది. పెద్ద కెపాసిటర్ దగ్గర్లో ఉంటే అంకె కాసేపు కదులుతుంది, నిలబడే దాకా ఆగండి. ట్రాన్సిస్టర్లు, డయోడ్లు ఉన్నచోట ప్రోబ్‌లు అటూ ఇటూ మార్చి కూడా చూసి, వచ్చిన రెండింట్లో పెద్దదాన్ని నమ్మండి. రెండు ప్రోబ్‌ల మొనలూ వేళ్లతో పట్టుకోకండి, 1 మెగ్ ఓమ్ లాంటివి కొలిచేటప్పుడు మీ ఒంటి రెసిస్టెన్స్ కూడా కలిసిపోతుంది. తక్కువ చూపించి ఇంకా అనుమానం మిగిలినవాటికి ఒక కాలు మాత్రం సోల్డర్ కరిగించి పైకి లేపి కొలవండి.

తప్పు దొరికాక కూడా అన్నిసార్లూ పీకక్కర్లేదు. 10 కిలో ఓమ్ ఉండాల్సిన చోట 100 కిలో ఓమ్ పెట్టారనుకోండి. బోర్డు అడుగున దాని రెండు కాళ్లకీ అడ్డంగా ఒక 10 కిలో ఓమ్ సోల్డర్ చేస్తే కలిపి 9.1 కిలో ఓమ్ అవుతుంది, పెడల్స్‌లో చాలాచోట్ల అది చాలు. చిన్న విలువ పెట్టినప్పుడు ఈ ఉపాయం పారదు. అప్పుడు ఒక కాలు లేపి, ఆ ఖాళీలో తగ్గిన విలువ ఉన్న రెసిస్టర్‌ని సిరీస్‌లో నిలబెట్టండి.

ప్రశ్న: 220 మైక్రోఫారడ్ ఫిల్టర్ కెపాసిటర్‌ని ప్లస్, మైనస్ తిప్పి పెట్టాను. కొన్ని సెకన్లు కరెంటు ఇచ్చాక వేడెక్కడం చూసి ఆపేశాను. సరిచేసి మళ్లీ అదే పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవద్దు. పారేయండి. ఉల్టా వోల్టేజీకి లోపలి ఆక్సైడ్ పొర దెబ్బతింటుంది. పైకి బాగానే కనిపించి, తర్వాత ఎప్పుడో ఉబ్బుతుంది. కొత్తది కనీసం 16 వోల్టులది, వీలైతే 25 వోల్టులది పెట్టండి. చారతో గుర్తుపెట్టిన వైపు మైనస్, పొడుగు కాలు ప్లస్. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు దాని మీదికి మొహం పెట్టి చూడకండి.

ప్రశ్న: 9 వోల్టుల్ని పెంచుకోవడానికి ఛార్జ్ పంప్ ఐసీ పెట్టాను. పెడల్ బాగా పలుకుతోంది కానీ వెనకాల సన్నగా కీచుమనే శబ్దం ఆగడం లేదు. లిస్టులో 7660ఎస్ అని ఉంది, నేను పెట్టినదాని మీద 7660 అనే ఉంది.

జవాబు: ఆ ఎస్ ముఖ్యం. 7660 లోపలి ఆసిలేటర్ సుమారు 10 కిలోహెర్ట్జ్ దగ్గర తిరుగుతుంది, అది మన చెవికి అందుతుంది. 7660ఎస్‌లో 1వ పిన్‌ని 8వ పిన్‌కి కలిపితే అది 35 కిలోహెర్ట్జ్ ప్రాంతానికి వెళ్లి వినపడకుండా పోతుంది. మామూలు 7660లో 1వ పిన్ దేనికీ కలిసి ఉండదు, మీ బోర్డు దాన్ని 8కి కలిపినా ప్రయోజనం లేదు. సాకెట్‌లో ఉంటే మార్చేయండి, రెండు నిమిషాల పని. ఇంకో కారణం కూడా ఉంది. మామూలు 7660 హద్దు 10 వోల్టుల దగ్గరే. రెగ్యులేటర్ లేని అడాప్టర్ 9 అని రాసి అంతకు మించి ఇస్తే అది నిలవదు.

ప్రశ్న: ఏసీ128 జర్మేనియం ట్రాన్సిస్టర్ల కోసం గీసిన ఫజ్ ఫేస్ బొమ్మ ప్రకారం బోర్డు కట్టాను. జర్మేనియం దొరక్క రెండు బీసీ108 పెట్టాను. ఏ శబ్దమూ లేదు.

జవాబు: ఏసీ128 పీఎన్‌పీ, బీసీ108 ఎన్‌పీఎన్, రెండింటిలో కరెంటు దిశ ఒకదానికొకటి వ్యతిరేకం. మీ బొమ్మలో బ్యాటరీ ప్లస్ గ్రౌండ్‌కి ఉంటుంది, ఎన్‌పీఎన్‌కి మైనస్ గ్రౌండ్ కావాలి. కాబట్టి ట్రాన్సిస్టర్లు అలాగే ఉంచి, చుట్టూ ఉన్నవాటి దిశ మార్చండి. బ్యాటరీ వైర్లు తిప్పండి. ఇన్‌పుట్ దగ్గరి 2.2 మైక్రోఫారడ్, ఫజ్ పాట్ దగ్గరి 22 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్‌లు తిప్పండి. ఎల్ఈడీ, రక్షణ డయోడ్ ఉంటే అవి కూడా. ఇంతవరకూ ఉల్టా కరెంటు తగిలినా 33 కిలో ఓమ్, 8.2 కిలో ఓమ్ రెసిస్టర్లు అడ్డుగా ఉన్నాయి కాబట్టి బీసీ108లు బతికే ఉంటాయి.

బీసీ108 లోహపు టోపీకి పక్కన చిన్న నాలుక ఉంటుంది, దాని దగ్గరి కాలు ఎమిటర్. ఆ టోపీ లోపల కలెక్టర్‌కి కలిసి ఉంటుంది, కాబట్టి డబ్బా గోడకి గానీ పక్క పార్ట్‌కి గానీ తగలనివ్వకండి. పలకడం మొదలయ్యాక రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర కొలవండి. సిలికాన్ గెయిన్ ఎక్కువ కాబట్టి అక్కడ 4.5 వోల్టులు రాకపోవచ్చు. 8.2 కిలో ఓమ్ తీసి 20 కిలో ఓమ్ ట్రిమ్‌పాట్ (తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టర్) పెట్టి, 4.5 వచ్చేదాకా తిప్పండి. అంకె సరిపోయాక కూడా గిటార్ మీటుతూ అటూ ఇటూ కొంచెం కదిపి చూసి, మీ చెవికి నచ్చినచోట ఆపేయండి. ప్లస్ గ్రౌండ్ ఫజ్‌ని మిగతా పెడల్స్‌తో ఒకే అడాప్టర్‌కి తగిలిస్తే షార్ట్ అవుతుంది. మీరు మార్చుకున్నాక ఆ బెడద ఉండదు.

ప్రశ్న: తప్పు కెపాసిటర్‌ని తీస్తుంటే దానితో పాటు రాగి గుంట కూడా ఊడి వచ్చేసింది. బోర్డు పాడైనట్టేనా?

జవాబు: పాడవలేదు. పోయింది ఉంగరం మాత్రమే, దారి ఇంకా ఉంది. ఆ గుంట నుంచి బయలుదేరిన రాగి గీత ఏ పార్ట్ దగ్గరికి వెళ్తోందో బల్బు వెలుతురులో బోర్డు పైకెత్తి చూడండి. రెండు వైపులా గీతలుండే బోర్డు అయితే పైవైపు కూడా చూడాలి, గుంట లోపలి లోహపు గొట్టం కూడా ఊడి వచ్చి ఉండొచ్చు. కొత్త కెపాసిటర్ కాలు కత్తిరించకుండా అలాగే ఉంచి, బోర్డు అడుగున ఆ గీత వెంబడి వంచి, తర్వాతి పార్ట్ కాలి దగ్గర సోల్డర్ చేయండి. మధ్యలో వేరే గీతల్ని దాటాల్సి వస్తే కాలికి సన్నని వైరు తొడుగు ఎక్కించండి. గీత మీద ఆకుపచ్చ పూతని బ్లేడుతో గీకి రాగి మీదే అంటించడం కూడా చేస్తారు కానీ, అది మళ్లీ సులువుగా లేస్తుంది, నేను సలహా ఇవ్వను.

ఇకముందు చిన్న పార్ట్ తీయాల్సి వస్తే దాన్ని కాపాడాలనుకోకండి. పైనే కాళ్లు కత్తిరించి, ఒంటిని తీసేసి, మిగిలిన రెండు కాళ్ల ముక్కల్నీ ఒక్కొక్కటిగా వేడి చేసి ట్వీజర్‌తో లాగండి. కెపాసిటర్ పోతే ఇంకోటి వస్తుంది, ఆ బోర్డు మళ్లీ రాదు. అతుకు వేశాక మీటర్‌ని బజర్ మీద పెట్టి, కెపాసిటర్ ఒంటి దగ్గర కాలికి ఒక ప్రోబ్, గీత రెండో చివర ఉన్న పార్ట్‌కి ఇంకో ప్రోబ్ ఆనించండి. బజర్ మోగాక పక్క గీతలతో కూడా చూడండి, అక్కడ మోగకూడదు. రెండూ సరిపోతేనే బ్యాటరీ తగిలించండి.